వైద్యుని కన్నీరు తుడిచేదెవరు?



మన పల్లెల్లో ఒక ఇంటి బిడ్డకు మెడిసిన్ సీటు వచ్చిందంటే అది ఆ ఒక్క ఇంటి పండుగ కాదు, ఊరంతటికీ పండుగ. సంఘములో కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటాము. ఫీజు కొరకు పొలము తాకట్టు పెట్టిన తండ్రి ఆనాడు తలెత్తుకొని నడుస్తాడు. "మా అమ్మాయి డాక్టరమ్మ" అని చెప్పేటప్పుడు తల్లి ముఖము ఎలా వెలుగుతుందో మీకు తెలుసు.

ఆనాటి నుండి ఆ బిడ్డను మనము వేరే కంటితో చూడడము మొదలుపెడతాము. జ్వరమొస్తే ఆ అమ్మాయికే ఫోను. పెద్దాసుపత్రిలో మంచము దొరక్కపోతే ఆ అమ్మాయికే ఫోను. అర్ధరాత్రి నొప్పి వచ్చినా ఆమెకే. ఆమెకు నిద్ర చాలలేదేమోనని గాని, ఆమె మనస్సులో ఏదైనా బాధ ఉన్నదేమోనని గాని మనకు తోచదు. డాక్టరుకు జబ్బేమిటి అంటాము. అందుచేత అందరి కన్నీరు తుడిచే ఆ చేతులు తన కన్నీటిని మాత్రము ఎవరికీ కనబడకుండా తుడుచుకోవలసి వస్తుంది.

వైద్యుల్లోను, వైద్య విద్యార్థుల్లోను ఉన్న మానసిక వేదనను గూర్చి, వారిలో జరుగుచున్న ఆత్మహత్యలను గూర్చి ఈ నెల మీతో మాట్లాడదలచాము. వినడానికి కష్టమైన సంగతే. అయినా మన ఇండ్లలో వైద్యులున్నారు, వైద్యులు కాబోతున్న పిల్లలున్నారు. కనుక మాట్లాడుకోక తప్పదు.

లెక్కలు చెప్పే సంగతి

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారము 2022లో మన దేశములో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకొని చనిపోయారు. రైతులు, కూలీలు, గృహిణులు, విద్యార్థులు ఆ లెక్కలో ఉన్నారని మనకు తెలుసు. చదువు, జీతము, మర్యాద ఉన్న వైద్యులు కూడ అందులో ఉన్నారంటే మాత్రము ఆశ్చర్యపోతాము.

2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక పరిశీలనను ప్రచురించింది. 20 దేశాలలో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటిని పోగుచేసి చూస్తే, స్త్రీ వైద్యులలో ఆత్మహత్య మరణాల రేటు మామూలు స్త్రీలలో కంటె 76 శాతము ఎక్కువగా ఉన్నదని తేలింది. పురుష వైద్యులలో అది మిగిలిన పురుషులతో దాదాపు సమానము. పాత దినాలతో పోల్చితే ఈ రేట్లు తగ్గాయని కూడ ఆ పరిశీలనే చెప్పింది. అంటే ఇది మార్చలేని తలరాత కాదు. మనుష్యులు పూనుకుంటే తగ్గుతుంది.

మన దేశము సంగతి చూద్దాము. నేషనల్ మెడికల్ కమిషన్ నియమించిన బృందము 2024లో ఒక నివేదిక ఇచ్చింది. వారి ప్రశ్నలకు 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు, 5,337 మంది పి.జి. విద్యార్థులు జవాబిచ్చారు. తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నదని ఎం.బి.బి.ఎస్. వారిలో 27.8 శాతము మంది చెప్పారు. చనిపోవాలన్న తలంపు తమకు వచ్చిందని వారిలో 16.2 శాతము, పి.జి. వారిలో 31.2 శాతము చెప్పారు. ఇష్టపడి జవాబిచ్చిన వారి మాట గనుక ఇదే లెక్క విద్యార్థులందరికీ సరిపోతుందని చెప్పలేము. అయినా పి.జి. చదివే డాక్టర్లలో జవాబిచ్చిన పదిమందిని వరుసగా నిలబెడితే ముగ్గురు ఆ చీకటి తలంపును చూసినవారే. ఆ ముగ్గురిలో మన బిడ్డ ఉండదని ఎవరు చెప్పగలరు?

చికిత్సంటే ఏమిటో వీరికి తెలియదా? అందరికంటె బాగుగా తెలుసు. మరి ఎందుకు వెళ్ళరు? మన తెలుగు బిడ్డలు అనేకులు వైద్యులుగా పనిచేయుచున్న అమెరికాలోను, బ్రిటనులోను జరిగిన రెండు సంగతులు చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

న్యూయార్కులో ఒక వైద్యురాలు

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో న్యూయార్కు నగరము కరోనాతో అల్లాడిపోయింది. డాక్టర్ లోర్నా బ్రీన్ అక్కడి అలెన్ ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి అధిపతి. వయస్సు 49 సంవత్సరాలు. తండ్రి కూడ వైద్యుడే. అంతకుముందు ఆమెకు ఎన్నడూ మానసికమైన జబ్బు లేదని కుటుంబము వారు చెప్పారు.

ఆ మార్చిలో ఆమెకే కరోనా సోకింది. కాస్త తగ్గగానే మరల డ్యూటీకి వచ్చేసింది. ఆసుపత్రి నిండా రోగులు. చూస్తూ ఉండగానే మనుష్యులు చనిపోయేవారు. పన్నెండు గంటల డ్యూటీ ముగిసినా ఇంటికి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు. కొద్ది దినాలకే ఆమె కుర్చీలో నుండి లేవలేని స్థితికి వచ్చి తన సహోదరికి ఫోను చేసింది. స్నేహితులు, కుటుంబము కలిసి ఆమెను కారులో వర్జీనియా రాష్ట్రానికి చేర్చారు. అక్కడ ఆసుపత్రిలో చికిత్స జరిగింది.

ఆ మంచము మీద ఆమెను వేధించిన భయము ఏమిటో తెలుసా? తన జబ్బు కంటె, తాను మానసిక చికిత్స తీసుకున్నానని తెలిస్తే వైద్యురాలిగా తన లైసెన్సు పోతుందేమో, తోటివారి యెదుట తలెత్తుకోలేనేమో అన్నదే ఆమె పెద్ద భయమని కుటుంబము వారు తరువాత చెప్పారు. 2020 ఏప్రిల్ 26న ఆమె ప్రాణము తీసుకున్నది.

ఆ సహోదరి, ఆమె భర్త ఆ దుఃఖములో కూర్చుండిపోలేదు. వైద్యుల మానసిక ఆరోగ్యము కొరకు లోర్నా పేరుతో ఒక సంస్థను స్థాపించారు. 2022 మార్చి 18న ఆమె పేరు మీదనే అమెరికాలో ఒక చట్టము వచ్చింది. వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యము కొరకు నిధులివ్వడము దాని ఉద్దేశము. లైసెన్సు దరఖాస్తులో "నీవు ఎప్పుడైనా మానసిక చికిత్స తీసుకున్నావా?" అని గుచ్చి అడిగే ప్రశ్నలను అక్కడి అనేక రాష్ట్రాలు తరువాత తీసివేశాయి.

లండనులో మరొక వైద్యురాలు

ఇరవై సంవత్సరాల ముందు లండనులోను ఇటువంటిదే జరిగింది. డాక్టర్ దక్షా ఎమ్సన్ భారత సంతతికి చెందిన వైద్యురాలు. మనస్సుకు వచ్చే జబ్బులకు వైద్యము చేయడమే ఆమె పని. అయితే ఆమెకే చాలాకాలముగా తీవ్రమైన మానసిక వ్యాధి ఉండేది. ఆ సంగతి తోటి ఉద్యోగులకు తెలియకుండా దాచుకున్నది. కాన్పు అయిన తరువాత వ్యాధి తిరగబెట్టింది. 2000 అక్టోబరులో ఆమె, మూడు నెలల ఆమె పసిబిడ్డ, ఇద్దరూ చనిపోయారు.

2003లో వచ్చిన విచారణ నివేదిక, మానసిక వ్యాధి అంటే లోకములో ఉన్న చులకన భావమును, వైద్యురాలే రోగి అయినప్పుడు వచ్చే చిక్కులను ఎత్తి చూపింది. 2008లో వైద్యుల కొరకే ఒక ప్రత్యేక వైద్యసేవ లండనులో మొదలైంది. దానిని నడిపించినవారు డాక్టర్ క్లేర్ గెరాడా. వచ్చిన వైద్యుని పేరు బయటికి పొక్కనివ్వకుండా చికిత్స చేయడము దాని పద్ధతి. తరువాత అది ఇంగ్లండు అంతటికీ విస్తరించింది. రహస్యము కాపాడతామన్న నమ్మకము ఇస్తే వైద్యులు కూడ చికిత్సకు వస్తారని ఆ సేవ రుజువు చేసింది.

ఈ ఇద్దరి సంగతిలో మేము గ్రహించినది ఒక్కటే. జబ్బు ఒక శత్రువైతే, నలుగురికీ తెలుస్తుందేమోనన్న సిగ్గు దానికి తోడైన రెండవ శత్రువు. జబ్బుతో పోరాడేది డాక్టర్లు, మందులు. సిగ్గుతో పోరాడవలసినది మనము. ఎందుకంటే ఆ సిగ్గును పుట్టించేది మనుష్యుల నోళ్ళే.

మన పిల్లల మీద ఉన్న బరువు

మన దేశములో ఆ సిగ్గు మరింత బరువుగా ఉంటుంది. "పిచ్చి మందులు వాడుతున్నదట" అన్న ఒక్క మాట చాలు, పెండ్లి సంబంధము ఆగిపోవడానికి. "ఈయనకే బాగులేదట, మనకేమి చూస్తాడు?" అంటే ఆ డాక్టరు వద్దకు వచ్చే రోగులు తగ్గిపోతారు. అందుకే చాలామంది డాక్టర్లు తమ బాధకు తామే మందు వ్రాసుకుంటారు, లేక అసలే ఊరకుంటారు.

పని గంటల మాట చూడండి. రెసిడెంటు డాక్టర్లకు ఏకధాటిగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించి పని సాధారణముగా ఉండకూడదని కేంద్ర ప్రభుత్వము 1992లోనే ఉత్తరువు ఇచ్చింది. అది కాగితము మీద ఉండగానే, ఒక పగలు, ఒక రాత్రి, మరల ఒక పగలు ఎడతెగకుండా డ్యూటీ చేసే పిల్లలు అనేక ఆసుపత్రుల్లో ఉన్నారు. 2024 నివేదిక వారానికి 74 గంటలకు మించకూడదని, వారానికొక దినము సెలవు ఇవ్వాలని, దినమునకు 7, 8 గంటల నిద్ర ఉండాలని సిఫారసు చేసింది. కూలికి వెళ్ళే మనకు కూడ ప్రొద్దు క్రుంకితే ఇంటికి వచ్చే వీలున్నది. క్యాజువాలిటీలో ఉన్న బిడ్డకు ప్రొద్దు క్రుంకడమే తెలియదు.

దానికి తోడు అప్పు, పరీక్షలు, సీనియర్ల వేధింపులు. చదువు మధ్యలో మానివేస్తే లక్షల రూపాయలు కట్టాలన్న బాండు కొన్ని రాష్ట్రాలలో ఉంటుంది. ఆ పద్ధతి వద్దని 2024 జనవరిలో మెడికల్ కమిషన్ రాష్ట్రాలకు వ్రాసింది. పల్లె నుండి, పేద కుటుంబము నుండి, అణగద్రొక్కబడిన కులము నుండి వెళ్ళిన పిల్లలకు వీటన్నిటి మీద మరొక గాయము ఉన్నది. 2019 మే నెలలో ముంబయిలో ఆదివాసి కుటుంబములో పుట్టిన పి.జి. విద్యార్థిని డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయినప్పుడు, తన కుమార్తెను సీనియర్లు కులము పేరుతో అవమానించారని ఆ తల్లి ఫిర్యాదు చేసింది. సంగతి న్యాయస్థానానికి వెళ్ళింది. "రిజర్వేషను సీటు" అన్న ఎగతాళి మాట విని మౌనముగా మ్రింగుకునే పిల్లలు మన సంఘాలలోను ఉన్నారు. ఇంట్లో చెబితే అమ్మా నాన్నా బాధపడతారని చెప్పరు.

రోగి బంధువుల కోపము ఇంకొకటి. మందులు లేకపోయినా, మంచాలు లేకపోయినా ఎదుట కనబడిన చిన్న డాక్టరు మీదనే చెయ్యి లేస్తుంది. వైద్యుల మీద దాడులను ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టము తెచ్చారంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇది విశ్వాసము లేకపోవడమా?

మన సంఘాలలో ఒక మాట తరచు వినబడుతుంది. "ప్రార్థన చేసేవారికి కృంగుదల రాదు, విశ్వాసము తక్కువై ఇలా జరుగుతుంది" అని. ఈ మాట ఎంతమంది నోళ్ళు మూయిస్తున్నదో చెప్పలేము. డాక్టర్ లోర్నా బ్రీన్ కూడ భక్తిగల క్రైస్తవురాలని పత్రికలు వ్రాశాయి.

ఏలీయాను జ్ఞాపకము చేసుకోండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యము చూసిన ప్రవక్త, కొద్ది దినాలకే అరణ్యములో బదరీ వృక్షము క్రింద కూర్చొని ఇక తన ప్రాణము చాలునన్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. ముందుగా ఆయనను నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించాడు. మాటలన్నీ ఆ తరువాతనే. అలసిన మనిషికి నిద్ర, ఆహారము, తట్టి లేపే ఒక చెయ్యి ముందు కావాలని ఆ అధ్యాయము చదివిన ఎవరికైనా తెలుస్తుంది.

మన దేశములో సువార్త పరిచర్య చేసిన ఇ. స్టాన్లీ జోన్స్ గారు పరిచర్య తొలి సంవత్సరాలలోనే నరాల బలహీనతతో కుప్పకూలిపోయారు. దానిని దాచుకోలేదు. ఆయనే 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక చికిత్సాలయమును స్థాపించారు. ప్రార్థన, చికిత్స ఒకదానికొకటి పగ కావు. షుగరు మందు వేసుకునే విశ్వాసిని మనము తప్పు పట్టము కదా. మనస్సుకు మందు వేసుకునే విశ్వాసిని కూడ తప్పు పట్టరాదు.

ఇంట్లోవారు చేయదగిన పనులు

మేము సంఘ కాపరులమే గాని వైద్యులము కాము. అయినా వైద్యులు చెప్పే కొన్ని సంగతులు ప్రతి ఇంటివారు తెలుసుకోవాలి.

మీ బిడ్డ మునుపటివలె మాట్లాడడము లేదా? సెలవు దొరికినా ఇంటికి రాకుండా ఉంటున్నదా? నిద్ర పట్టడము లేదని, లేక ఎంత నిద్రపోయినా లేవలేకపోతున్నానని అంటున్నదా? తిండి తగ్గిందా? చిన్నదానికే కోపము, లేక దేనిమీదా ఆసక్తి లేకపోవడము, త్రాగుడు అలవాటు కావడము, "నేను లేకపోతే మీకే సుఖము" అనే మాటలు, ఇష్టమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టడము - వీటిలో ఏవైనా రెండు వారాలకు మించి కనబడితే తేలికగా తీసుకోవద్దు. చావును గూర్చిన మాట వినబడితే మాత్రము ఒక్క దినము కూడ ఆగవద్దు.

"అమ్మా, చనిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తున్నదా?" అని నిదానముగా, సూటిగా అడగండి. అడిగితే ఆ తలంపు మనమే పుట్టించినట్లు అవుతుందని కొందరు భయపడతారు. అది నిజము కాదు. అడిగినవారు ఒకరున్నారన్నదే ఎంతో ఆదరణ. జవాబు వచ్చినప్పుడు ప్రసంగము చేయవద్దు, ఏడ్చి గోల చేయవద్దు, "మేమింత కష్టపడి చదివిస్తే" అనవద్దు. వినండి. ఒంటరిగా విడిచిపెట్టవద్దు. సైకియాట్రిస్టు వద్దకు మీరే వెంట తీసుకొని వెళ్ళండి. తమ కాలేజీలో చూపించుకోవడానికి సిగ్గుపడితే వేరే పట్టణములో చూపించండి.

డిప్రెషను చికిత్సకు లొంగే జబ్బు. అయితే మందు వేసిన మరునాడే గుణము కనబడదు. సాధారణముగా కొన్ని వారాలు పడుతుంది. కాస్త బాగున్నదని డాక్టరును అడగకుండా మానివేయకూడదు.

14416 అనే నంబరు ఇంటి గోడ మీద వ్రాసి పెట్టుకోండి. ఇది కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ. రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

పోలీసు కేసు అవుతుందన్న భయముతో ఆత్మహత్యా ప్రయత్నమును దాచిపెట్టి, చికిత్స ఆలస్యము చేసే కుటుంబాలు ఉన్నాయి. 2018 నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము, అలాటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగా భావించాలి గాని శిక్షించరాదు. ప్రయత్నించిన వారిని శిక్షించే పాత 309వ సెక్షను, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త న్యాయ సంహితలో లేదు. రోగి సంగతి రహస్యముగా ఉంచవలసిన బాధ్యతను కూడ ఆ మానసిక ఆరోగ్య చట్టమే ఆసుపత్రుల మీద పెట్టింది. కనుక భయపడవద్దు.

చదువు కంటె బిడ్డ ఎక్కువ. ఈ మాట మనస్సులో ఉంచుకుంటే చాలదు, నోటితో చెప్పాలి. "సీటు పోయినా ఫరవాలేదు, అప్పు మేము చూసుకుంటాము, నీవు ఇంటికి రా" అని తండ్రి చెప్పిన ఒక్క మాట ఒక ప్రాణమును నిలబెట్టగలదు.

సంఘము చేయదగిన పనులు

డాక్టరు గుడికి వచ్చినప్పుడు ఆరాధన అయిపోగానే చుట్టూ చేరి బి.పి. చూడమని, రిపోర్టులు చదవమని అడుగుతాము. ఒక్క ఆదివారమైనా ఆ మనిషిని మామూలు విశ్వాసిగా కూర్చోనివ్వండి. "తిన్నావా? నిద్రపోయావా? మనస్సు బాగున్నదా?" అని అడిగేవారు ఒక్కరైనా ఉండాలి. ఆసుపత్రిలో మన రోగి దక్కకపోతే దుఃఖించడము న్యాయమే. ఆ దుఃఖములో డాక్టరు మీద చెయ్యి చేసుకోవడము అన్యాయము. ఆ మరణము ఆ డాక్టరు మనస్సులో కూడ ఒక మచ్చగా మిగులుతుంది.

ఒక కుటుంబములో ఇటువంటి మరణము సంభవిస్తే, సంఘము ఆ గుమ్మము ముందు నిలబడి తీర్పు తీర్చవలసిన పని లేదు. లోపలికి వెళ్ళి నేల మీద వారి ప్రక్కన కూర్చోవాలి. "ఎలా జరిగింది, ఎందుకు జరిగింది" అని గుచ్చి గుచ్చి అడగకూడదు. మూడవ దినము కూడిక అయిపోయాక కూడ, నెల గడిచాక కూడ ఆ ఇంటికి వెళ్ళాలి. ఎవరూ రాని దినాలే ఆ తల్లిదండ్రులకు కష్టమైన దినాలు.

ప్రియ చదువరీ, మీ ఇంట్లో, మీ బంధువుల్లో, మీ సంఘములో ఒక డాక్టరో, మెడికో, నర్సో ఉండే ఉంటారు. ఈ పత్రిక ప్రక్కన పెట్టి ఈ దినమే వారికి ఫోను చేయండి. జబ్బు సంగతి, మందుల సంగతి ఎత్తవద్దు. "ఊరకే చేశానమ్మా, నీవెలా ఉన్నావో వినాలని" అనండి. తరువాత మౌనముగా వినండి.